తూర్పు గేటు తాళం

మెర్వ్ పెన్‌హేల్ నోరు విప్పి మాట్లాడగా చూసినవాళ్ళు అతని గొర్రెల ఫారం విల్టారా చుట్టుపక్కల తక్కువ. చుట్టుపక్కల అంటే మాత్రం ఎంతమందిలెండి, నూరు కిలోమీటర్ల మేర వెతికితే పదకొండు మంది, అందులో ఇద్దరు చంకపిల్లలు. గొర్రెలతో మాట్లాడతాడు. కుక్క బిడ్డీతో మాట్లాడతాడు. పంపు మొరాయిస్తే దాన్ని నోటికొచ్చినట్టు తిడతాడు. మనిషి ఎదురుపడితే మాత్రం టోపీ తీసి, చెప్పాల్సిన మాటలన్నీ అందులో రాసిపెట్టుకున్నట్టు దాని లోపలికి చూస్తూ నిలబడతాడు. యాభైతొమ్మిదేళ్ళొచ్చాయి, పెళ్ళి లేదు. చేసుకోలేదనడం కంటే ఎవరినీ అడగలేదనడం న్యాయం.

అలాంటివాడు ఒకావిడతో తొమ్మిదేళ్ళుగా కబుర్లాడుతున్నాడంటే నమ్ముతారా? ఏడాదికి ఒక్కసారి. అదీ పెన్సిల్‌తో.

ఆ సంగతి అతనికీ, నలభై కిలోమీటర్ల అవతలుండే గ్వెండాకీ తప్ప మూడో మనిషికి తెలీదు. మే నెలలో బీమా కంపెనీ మనిషి వచ్చి అంతా తవ్విపోసేదాకా.

గ్వెండాకి అరవై ఆరేళ్ళు. మొగుడు చెవిటివాడు, అందుకని ఆవిడ మాటలన్నీ అటూ ఇటూ మాట్లాడుకునే రేడియోకే. రోజూ పొద్దున ఏడింటికి మెర్వ్ వంటింట్లో రేడియో గరగరమనేది.

"ఏరా మెర్వ్, బతికే ఉన్నావా?"

"ఆ."

అది వేళాకోళం కాదు. ఎనిమిదింటిదాకా "ఆ" వినపడకపోతే ఆవిడ బండేసుకుని బయల్దేరుతుంది. అక్కడ ఒంటరిగా ఉండేవాళ్ళందరికీ ఇలాంటి ఏర్పాటొకటి ఉంటుంది. లేనివాళ్ళని ఎప్పుడో ఉన్ని లారీ వాళ్ళు వచ్చి చూస్తారు.

"బీమా పిల్ల వచ్చేది ఇవాళేగా? గడ్డం గీసుకున్నావా?"

"దేనికి?"

"దేనికంటాడేంటి! పదేళ్ళకోసారి ఓ ఆడమనిషి గుమ్మం తొక్కుతుంటే! సర్లే, ఏం అడిగినా 'నాకు తెలీదు' అను. నీకది బాగా అలవాటే."

ఈ గొడవంతా పోయిన సెప్టెంబర్లో మొదలైంది. విల్టారా తూర్పు కొసన ఒక పాత గుడిసె ఉంది. పూర్వం కంచె కాపలావాళ్ళు ఉండేది, నాలుగు రేకు గోడలు, ఒక పొయ్యి, పక్కనే చేత్తో తవ్విన లోతు బావి. పదేళ్ళ కిందటే ఎవరో పుణ్యాత్ముడు దాన్ని ఫోన్లో మ్యాపులోకి ఎక్కించాడు. ఇంక చూస్కోండి, అడిగేది లేదు, పెట్టేది లేదు, దారినపోయే ప్రతివాడూ గేటు తీసుకుని లోపలికే. ఆ సెప్టెంబర్లో ఒక కుర్రాడైతే సూర్యాస్తమయం ఫోటో కోసం కప్పెక్కాడు. రేకు విరిగి లోపల పడ్డాడు, కాలు విరిగింది. తప్పెవరిది? చెప్పకుండా వచ్చినవాడిదా, ఎక్కమని ఎవరూ అనకపోయినా ఎక్కినవాడిదా? కాదండీ, రేకుదిట. రేకు మెర్వ్‌ది. లాయరు ఉత్తరం వచ్చింది. బీమా కంపెనీవాళ్ళు కుర్రాడికి డబ్బిచ్చి సర్దుబాటు చేసి, స్థలం మొత్తం చూస్తేగానీ మళ్ళీ బీమా రాసేది లేదని కబురు పెట్టారు.

బీమా లేకపోతే ఏమవుతుందంటారా? ఆగస్టులో ఉన్ని కత్తిరించే ముఠా వస్తుంది. బీమా కాగితం చూపించందే వాళ్ళు షెడ్డులో కాలు పెట్టరు. నాలుగువేల గొర్రెల్ని మెర్వ్ ఒక్కడూ కత్తిరించలేడు. కత్తిరింపు లేకపోతే ఉన్ని లేదు, ఉన్ని లేకపోతే విల్టారా లేదు.

పదింటికి వస్తానన్న పిల్ల పన్నెండైనా రాలేదు. మెర్వ్ బండి తీసుకుని ఇంటి గేటుదాకా వెళ్ళి చూస్తే, అవతల తెల్ల కారు. అందులో ఎర్రబడ్డ మొహంతో ఒకమ్మాయి.

"పదింటినుంచీ ఇక్కడే ఉన్నానండీ! హారన్ కొట్టాను, అరిచాను, ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. రమ్మని చెప్పి గేటుకి తాళం వేసుకుంటే ఎలాగండీ?"

మెర్వ్ తాళం వంక చూశాడు. ఆ ప్రాంతంలో గేట్లకి గొలుసూ, గొలుసుకి తాళమూ ఉంటాయి గానీ, తాళం నొక్కరు. కొక్కెం గొలుసులోంచి దూర్చి వేలాడేస్తారంతే. దూరంనుంచి వేసినట్టే ఉంటుంది. అది దొంగవెధవల కోసం. మనవాళ్ళయితే లాగుతారు, చేతిలోకొస్తుంది. కార్చిచ్చు వచ్చిన రోజున, ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిన రోజున తాళంచెవి వెతుక్కుంటూ ఎవడు కూర్చుంటాడు? అక్కడ పుట్టిన ప్రతివాడికీ నడకతోపాటు వచ్చే విద్య అది.

మెర్వ్ ఒక్క వేలితో లాగాడు. ఊడొచ్చింది.

"రెండు గంటలు!" అందా అమ్మాయి. ఆ తర్వాత నవ్వేసింది, మంచిపిల్ల. పేరు ఎఫీ మావ్రోస్, అడిలైడ్ నుంచి వచ్చింది. మర్నాడు పొద్దున రేడియోలో ఈ సంగతి విని గ్వెండా పావుగంట నవ్వింది. "పట్నంవాళ్ళురా! చెంబు ముందు పెట్టినా మూత తియ్యమని చెప్పాలి!" మెర్వ్ కూడా నవ్వాడు. ఇద్దరూ నవ్వారు, గుర్తుపెట్టుకోండి.

ఎఫీ ఇల్లూ, షెడ్డూ, పురుగుమందుల గదీ చూసి, గుడిసె దగ్గరికి వచ్చేసరికి మూడైంది. ఇంటినుంచి ఇరవై ఆరు కిలోమీటర్లు. అక్కణ్ణుంచి తూర్పు గేటు ఇంకో ఎనిమిది. ఆ గేటుకి గొలుసూ లేదు, తాళమూ లేదు, ఉత్త గడియ. ఆ అమ్మాయి రాసుకుంటూ పోయింది. బావికి కంచె, పైన ఇనుప మూత. కప్పు మీదికెక్కకుండా నిచ్చెన తీసెయ్యాలి. గేటుకి గొలుసు, తాళం. గేటు మీద బోర్డు.

"మాటవరసకి తాళం కాదు పెన్‌హేల్ గారూ, మీ వేలాడే తాళం పనికిరాదు. నొక్కాలి. మావాళ్ళు చెప్పకుండా వచ్చి ఫోటో తీసుకెళ్తారు. ఒక్కసారి తెరిచి కనపడిందా, బీమా రద్దు."

"సరేనమ్మా."

"ఇదేంటి?" గుడిసె లోపల బిస్కట్ల డబ్బా మూత తీసింది. అందులో బడిపిల్లల నోటు పుస్తకం, దారానికి కట్టిన పెన్సిల్. వచ్చినవాళ్ళు పేర్లు రాసిపోయే పుస్తకం. మెర్వ్ వాళ్ళ నాన్న కాలంనుంచీ ఉంది, నిండితే కొత్తది పెడతారు.

మెర్వ్ టోపీ తీశాడు.

ఎఫీ నిలబడి చదవడం మొదలెట్టి, కాసేపటికి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. తొమ్మిదేళ్ళ కిందటి పేజీలో గుండ్రటి అక్షరాలు:

"ఇవాళ మా నాన్న పుట్టినరోజు. జులై 14. కుర్రతనంలో రెండేళ్ళు ఈ గుడిసెలో ఒక్కరే ఉండి కంచె కాపలా కాశారట. ఆయన చితి బూడిద గుడిసె ముందున్న పెప్పర్ చెట్టు కింద మట్టిలో కలిపాను. ఎవరినీ అడగలేదు, ఎవరిని అడగాలో తెలియలేదు. R."

దాని కింద మొద్దు పెన్సిల్‌తో: "గేటు తీసి వదిలేసి పోయారు. రెండువందల పొట్టేళ్ళు రోడ్డెక్కాయి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. మూసుంటే మూసెయ్యాలి. తెరిచుంటే తెరిచే ఉంచాలి. చిన్నపిల్లలకి కూడా తెలుసు. బూడిద సంగతి పర్వాలేదు."

మరుసటేడు జులై 14: "క్షమించండి, నాకు నిజంగా తెలీదు. ఈసారి మూశాక కూడా దిగివెళ్ళి మళ్ళీ చూసుకున్నాను. పొట్టేళ్ళన్నీ దొరికాయా? R."

"ఒకటి తప్ప. అది ముందునుంచీ పనికిమాలిందే."

అలా సాగింది. మెట్టు ఊగుతోందని ఆవిడ రాస్తే, పైయేటికి మెట్టు బాగుపడింది. కూర్చోడానికి ఏమీ లేదని రాస్తే, కుర్చీ వచ్చింది. ఆవిడ పిల్లి చచ్చిపోయింది. ఇక్కడ మూడేళ్ళు వానలు లేవు. ఆవిడ మోకాలికి ఆపరేషనయ్యింది. బిడ్డీ వాళ్ళమ్మని పాము కరిచింది. "వానలు పడతాయిలెండి" అని ఆవిడ రాసింది. పడ్డాక, జులైదాకా ఆగలేక, "పడ్డాయి" అని ఇతను ఫిబ్రవరిలోనే రాసిపెట్టాడు. ఆవిడ తప్ప ఆ పుస్తకంలో మిగిలిన వందమందికీ ఇతను ఒక్క ముక్క జవాబు రాసి ఎరగడు.

చివరి పేజీ పోయినేటిది: "మా పెరట్లో క్విన్స్ పళ్ళ చెట్టు ఈసారి విరగకాసింది. వచ్చే ఏడు మీకు జామ్ తెస్తాను. తింటారా? R."

"తింటాను."

ఆ ఒక్క మాట రాయడానికి అతనికి రెండు వారాలు పట్టింది.

ఎఫీ పుస్తకం మూసింది. "చదవడానికి చాలా బావుందండీ. కోర్టులో చదివితే బావుండదు. జనం వస్తున్నారని మీకు తెలుసు, ఆపలేదు, పైగా కుర్చీ వేశారు. ఇది ఏకంగా రమ్మని పిలిచినట్టే. రేపు వీళ్ళలో ఎవరు బావిలో పడ్డా మీ చేతిరాతే మీ మెడకి చుట్టుకుంటుంది. దీన్ని ఇక్కణ్ణుంచి తీసెయ్యండి."

"ఆవిడ ఏం తప్పు చెయ్యలేదమ్మా."

"నేనలా అన్లేదే! చూడండి, ముందుగా మాట్లాడుకుని, పేరూ నంబరూ ఇచ్చి, ఈ కాగితం మీద సంతకం పెట్టి, మీరు దగ్గరుండి చూపిస్తే ఆవిడ మీ అతిథి. మాకేం అభ్యంతరం లేదు. అడక్కుండా గేటు దాటితే అదే మనిషి మీ నెత్తిన కేసు. అంతే తేడా. ఫోన్ చేసి చెప్పండి."

"నంబరు లేదు."

"పేరు చెప్పండి, నేను వెతికిపెడతాను."

మెర్వ్ టోపీలోకి చూశాడు.

"తొమ్మిదేళ్ళుగా పేరు కూడా అడగలేదా?" అంది ఎఫీ. ఎగతాళిగా కాదు, నిజంగా జాలేసి అడిగింది. వెళ్ళేటప్పుడు ఖాళీ కాగితం ఒకటి అతని చేతిలో పెట్టింది, పైన మొదటి గీత 'అతిథి పేరు'.

అతనావిడని అసలు చూడలేదా అంటే, ఒకసారి చూశాడు. మూడో ఏట ధైర్యం తెచ్చుకుని జులై 14న బయల్దేరాడు. గుట్ట మీదికెక్కి చూస్తే, కింద తెల్ల వ్యాను, మెట్టు మీద ఎర్ర ఊలు కోటేసుకుని ఒక మనిషి, చేతిలో ఆకుపచ్చ ఫ్లాస్కు మూత. చెట్టు వంక చూస్తూ టీ తాగుతోంది. ఇతను ఇంజను ఆపి గంటసేపు చూశాడు. ఏమని పలకరించాలి? ఆ ఒక్క ముక్క తట్టక వెనక్కి తిప్పుకొచ్చేశాడు. ఆ ముక్క విని గ్వెండా తిట్టిన తిట్లకి రేడియో పేలిపోవాల్సింది.

సరే, జూన్‌లో పనులన్నీ అయ్యాయి. బావికి కంచె కట్టాడు, ఇనుప మూత బిగించాడు, నిచ్చెన తెచ్చి షెడ్డులో పడేశాడు. పుస్తకం ఇంటికి తెచ్చి పిండి డబ్బా పక్కన పెట్టుకున్నాడు. తూర్పు గేటుకి గొలుసు వేసి, తాళం టక్కున నొక్కాడు. పుట్టి బుద్ధెరిగాక అతను గేటు తాళం నొక్కడం అదే మొదలు. కంపెనీ పంపిన బోర్డు కూడా బిగించాడు: 'ప్రైవేటు స్థలం. అనుమతి లేకుండా ప్రవేశించరాదు. అతిక్రమించినవారిపై చట్టపరమైన చర్య. ప్రమాదం: పాత బావులు.' ఎర్ర అక్షరాలు, అరకిలోమీటరు దూరానికి కనపడతాయి.

జులై ఒకటి నుంచి నిజంగానే ఎవరూ రాలేదు. రెండువారాలు గుడిసె దగ్గర కొత్త చక్రాల జాడ లేదు. మెర్వ్ ఆదివారం వెళ్ళి కుర్చీ దుమ్ము దులిపి వచ్చేవాడు. చెప్పాపెట్టకుండా వచ్చేవాళ్ళని పదేళ్ళు తిట్టుకున్నాడు కదా, తీరా రాకపోయేసరికి ఇల్లంతా చెవుల్లో గుయ్యిమంటోంది. మాటవరసకి కూడా ఎవరికీ చెప్పలేదు గానీ, ఇన్నాళ్ళూ తను బతికింది వాళ్ళు పారేసిపోయిన కబుర్ల మీదేనని అప్పుడు తెలిసొచ్చింది అతనికి.

పన్నెండో తారీఖు పొద్దున రేడియోలో గ్వెండాకి చెప్పాడు, ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో: "ఈసారి కలుస్తాను. కాగితం మీద సంతకం పెట్టిస్తాను. పేరు కూడా తెలుస్తుంది."

మెర్వ్ రేడియో మీట మళ్ళీ నొక్కాడు.

"గ్వెండా?"

"ఉన్నాలేరా, ఉన్నా. కుర్చీలోంచి పడ్డాను, లేచేసరికి ఆలస్యమైంది. మరి గేటు?"

"రేపు సాయంత్రం వెళ్ళి తాళం ఊడదీసి వేలాడేస్తాను. కంపెనీవాళ్ళొచ్చినా దూరంనుంచి వేసినట్టే ఉంటుంది."

"నువ్వే వెళ్ళి గేటు దగ్గర నిలబడచ్చుగా?"

"గేటు దగ్గరా? కాపలా కుక్కలాగా? బాగోదు. గుడిసెలో పొయ్యి వెలిగించి, టీ పెట్టి ఉంచుతాను. ఇంటికొచ్చిన మనిషిని ఇంట్లో పలకరించాలి."

"అబ్బో! ఇన్ని మర్యాదలెక్కడ దాచావురా ఇన్నేళ్ళూ! పోనీ ఓ చీటీ రాసి గేటుకి కట్టు."

"లాగితే ఊడే తాళానికి చీటీ దేనికి?"

"అదీ నిజమేలే," అంది.

చూశారా? రెండు గంటలు గేటు ముందు ఎర్రటెండలో కూర్చున్న పట్నం పిల్లని తల్చుకుని పగలబడి నవ్విన ఇద్దరే వీళ్ళు. వాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. తొమ్మిదేళ్ళు ఒక మనిషి పిల్లి గురించీ, మోకాలి గురించీ, గేటు రెండుసార్లు చూసుకోవడం గురించీ చదివాక, ఆవిణ్ణి పట్నంవాళ్ళ లెక్కలో వెయ్యడం ఇద్దరికీ తట్టలేదంతే. ఆవిడ మనమనిషి. మనమనిషికి తాళం సంగతి చెప్పేదేముంది?

పద్నాలుగో తారీఖు. అక్కడ జులై అంటే నడి చలికాలం, తెల్లారేసరికి నేలంతా మంచు పేరుకుని, పదింటికల్లా కరిగి, ఎండ కాసింది. మెర్వ్ గడ్డం గీసుకున్నాడు, రెండుచోట్ల తెగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గ్వెండా దగ్గర పద్ధతి కనుక్కుని స్కోన్లనే చిన్న రొట్టెలు కాల్చాడు. మొదటి వాయి రాళ్ళయితే బిడ్డీకి పెట్టాడు, అది వాసన చూసి వదిలేసింది. రెండో వాయి బానే వచ్చాయి. వెన్న, రెండు కప్పులు, రెండు పళ్ళాలు. జామ్ తీసుకెళ్ళలేదు, జామ్ ఆవిడ తెస్తానంది.

పదకొండుకల్లా గుడిసెలో పొయ్యి రాజుకుంది. బల్ల మీద ఎఫీ ఇచ్చిన కాగితం పరిచి, గాలికి ఎగరకుండా పెన్ను అడ్డంగా పెట్టాడు. పుస్తకం కూడా తెచ్చాడు. ఆవిడకి కనపడాలి, పారెయ్యలేదని తెలియాలి. తర్వాత పెప్పర్ చెట్టు దగ్గరికి వెళ్ళి నిలబడి, "ఇవాళ మీ అమ్మాయి వస్తుందండీ," అన్నాడు పైకే. పలకరింపు అలవాటు చేసుకుంటున్నాడు. "నమస్కారమండీ, నేను మెర్వ్‌ని. పొట్టేళ్ళ మెర్వ్‌ని." అది బావుందనిపించింది. మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. బిడ్డీ తల పక్కకి వాల్చి విన్నది.

పన్నెండయింది. ప్రతి ఏడూ ఆవిడ మధ్యాహ్నంలోపే వచ్చి వెళ్ళేది, పుస్తకంలో టైము కూడా వేసేది. ఒంటిగంటయింది. మోకాలు కదా, మెల్లిగా నడుపుతుందేమో అనుకున్నాడు. రెండయింది. కెటిల్లో నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోతే మళ్ళీ పోశాడు. గుడిసె పల్లంలో ఉంది, అక్కడ రేడియో కూడా పలకదు. మూడింటికి స్కోన్ల మీద బట్ట కప్పి, బండెక్కాడు.

ఎనిమిది కిలోమీటర్లూ ఎదురుగా దుమ్ము లేస్తుందేమోనని చూస్తూనే నడిపాడు. లేవలేదు.

గేటు మూసి ఉంది. గొలుసు తను చుట్టినట్టే ఉంది. తాళం తను వేలాడేసినట్టే వేలాడుతోంది. అవతల మెత్తటి మట్టిలో వ్యాను చక్రాల జాడలు, గేటుదాకా వచ్చి, పక్కకి తిరిగి ఆగి, మళ్ళీ రోడ్డెక్కాయి. జాడల పక్కన చిన్న అడుగులు, గేటు వెంబడి ఇటూ అటూ, ఇటూ అటూ. ఒకచోట టీ పిప్పి పారబోసి ఉంది, ఇంకా తడారలేదు. గేటు స్తంభం మీద జామ్ సీసా, దాని కింద మడిచిన కాగితం.

"మీ కొత్త బోర్డు చదివాను, తాళం చూశాను. బావులు ఇంత ప్రమాదమని ఇన్నేళ్ళూ తట్టలేదు, చూసుకోకుండా తిరిగాను. మీకెంత గాభరా పెట్టి ఉంటానో ఇవాళ అర్థమైంది. ఎవరైనా వస్తారేమో, ఒక్కసారి అడిగి లోపలికి వెళ్దామని మూడున్నర గంటలు కూర్చున్నాను. పర్వాలేదు, నాన్నకి ఇక్కణ్ణుంచే చెప్పాను, ఆయన చెవులు చురుకు. వ్యాను అమ్మేస్తున్నాను, ఈ మోకాలితో ఇంక ఇంతదూరం రాలేను. జామ్ కొంచెం పలచనైంది. మీరు నన్ను తిట్టింది ఒక్కసారే, అది నాకు బాగా గుర్తుంది. గేటు ఎలా ఉందో అలాగే వదిలి వెళ్తున్నాను. R."

మెర్వ్ రెండుసార్లు చదివాడు. తర్వాత తాళం లాగాడు. ఒక్క వేలికే ఊడొచ్చింది.

ముప్పై రెండు కిలోమీటర్ల మట్టిరోడ్డు మీద ఆ పాత బండి ఎన్నడూ ఎరగని వేగంతో తోలాడు. తారురోడ్డు దగ్గర జాడలు ఆగిపోయాయి. తారు మీద చక్రం ఏం చెబుతుంది? కుడికి చూస్తే ఏమీ లేదు. ఎడమకి చూస్తే ఏమీ లేదు. రోడ్డు మధ్యలో టోపీ పట్టుకుని నిలబడ్డాడు. అటునుంచి ఒక పశువుల లారీ వచ్చి, హారన్ కొట్టి, తప్పుకుని పోయింది. దాన్ని ఆపి వ్యాను కనపడిందా అని అడగాలని అది కనుమరుగయ్యాక తోచింది.

తిరిగొచ్చి గేటు మూశాడు. తిన్నగా ఇంటికి పోదామనుకున్నాడు గానీ, గుడిసెలో పొయ్యి మండుతోందని గుర్తొచ్చి అక్కడికి వెళ్ళాడు. పొయ్యి ఆర్పాడు, కప్పులు సర్దాడు. చీకటిపడే వేళకి గుట్ట ఎక్కేసరికి బండిలో రేడియో గరగరమంది.

"ఏరా! పొద్దుటినుంచీ పిలుస్తున్నా! వచ్చిందా?"

"వచ్చింది."

"హమ్మయ్య! చెప్పు చెప్పు, ఎలా ఉంది మనిషి? పేరేంటి?"

మెర్వ్ బండి ఆపాడు.

"గ్వెండా, తాళం లాగితే వస్తుందని ఆవిడకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంట్రా, అందరికీ తెలిసిందే..." ఆవిడ గొంతు మధ్యలో ఆగిపోయింది. "అయ్యో నాయనా," అంది. "నేనైనా చెప్పి ఉండాల్సింది. నాకూ తట్టలేదురా."

"ఆవిడ ఇక్కడిది కాదు గ్వెండా," అన్నాడు మెర్వ్. "మనం మర్చిపోయాం."

"నేను బయల్దేరి రానా?"

"వద్దు. బానే ఉన్నా. పొద్దున మాట్లాడతా."

ఇంటికొచ్చి దీపం వేశాడు. ఒక స్కోను తీసి, పలచటి జామ్ రాసుకుని, నిలబడే తిన్నాడు. బీమా కాగితంలో మొదటి గీత ఖాళీగానే ఉంది. దాన్ని మడిచి సొరుగులో పెట్టాడు. ఆవిడ చీటీని పుస్తకంలో కొత్త పేజీకి అంటించాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, పెన్సిల్ చెక్కుకుని, ప్రతి ఏడూ రాసినట్టే దాని కింద జవాబు రాశాడు.

"తాళం వేసి లేదండీ. లాగితే వచ్చేది."